రెండు కొబ్బరిచెట్ల మధ్య గెర్నికా

వేసవి సెలవులకి మనవలు ముగ్గురూ తోటకొచ్చారు. మాది వజ్రపుకొత్తూరు వైపు, రాత్రి గాలి తిరిగితే సముద్రం హోరు మంచం పక్కనే వినిపించే ఊరు. పొద్దున్నే జీడిపిక్కలు ఏరడానికి బుట్ట చేతిలోకి తీసుకున్నానో లేదో, పెద్ద మనవరాలు ఫోను పట్టుకుని ఎదురొచ్చింది. ఫోనులో అగ్గిపెట్టెంత బొమ్మ.

"తాతా, దీన్ని గెర్నికా అంటారట. పికాసో వేశాడు. యుద్ధం వద్దని చెప్పే బొమ్మల్లో ఇంతకన్నా పేరున్నది లేదట. ఇందులో ఎద్దు దేనికి గుర్తు, గుర్రం దేనికి గుర్తు, బల్బు దేనికి గుర్తు అని సెలవుల్లో రాసుకురమ్మన్నారు. ఎంత చూసినా నాకేటీ బోధపడ్డం లేదు."

చిన్నోడు దాని భుజం మీంచి తొంగి చూశాడు. "యుద్ధం బొమ్మయితే మరి రక్తం ఏదీ? ఎర్రరంగే లేదేటి?"

మంచి ప్రశ్న. దానికి నోటితో జవాబు చెప్పడం కంటే కంటితో చూపించడం మేలు. "నీకు సాయంత్రం పొద్దుగూకేవేళ చెప్తాను, జీడిచెట్టు కింద. ముందు ఈ బొమ్మ అసలు కొలత ఎంతో చూద్దాం రండి" అన్నాను.

గెర్నికా వెడల్పు దగ్గర దగ్గర 7 మీటర్ల 77 సెంటీమీటర్లు, ఎత్తు 3 మీటర్ల 49. మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి మొక్క నాటేటప్పుడు చెట్టుకీ చెట్టుకీ మధ్య 25 అడుగులు వదులుతాం. అంటే 7 మీటర్ల 62 సెంటీమీటర్లు. రెండు చెట్ల మధ్య తాడు కట్టి చూపిస్తే పిల్లలు నోరు తెరిచారు. అసలు బొమ్మ ఆ తాడుని కూడా దాటి ఇంకో జానెడుకి కాస్త తక్కువగా సాగుతుంది! ఇక ఎత్తంటారా, ఒక మనిషి భుజాల మీద ఇంకో మనిషి నిలబడి చెయ్యి పైకెత్తితే ఎంతో అంత. అరచేతిలో చూసినప్పుడు అది మన కంటి కింద ఉండే బొమ్మ. దాని ఎదుట నిలబడితే మనమే దాని కింద ఉంటాం. గుర్రం తల మన తలకి పైన అరుస్తుంది. ఈ తేడా తెలియకుండా గుర్తుల గురించి మాట్లాడుకుని లాభం లేదు.

అందుకే ఇసకలో గీద్దామన్నాను. మాది ఇసకనేల. బిందెడు నీళ్ళు చల్లి చదును చేస్తే పలకలా ఉంటుంది. తెలుపుకి ముగ్గు, నలుపుకి బొగ్గుపొడి, మధ్యరంగుకి పొయ్యి బూడిద. పికాసో రంగులు కూడా ఇంచుమించు అవే మూడూను. అతను నూనెరంగులతో వేసినా, మెరుపు లేకుండా గోడసున్నంలా ఉండేలా చూసుకున్నాడు. ఎడమచేతి చెట్టు మొదట్లో ఎద్దు, దాని మెడ కింద చచ్చిన బిడ్డని ఒళ్ళో వేసుకుని ఆకాశానికి నోరు తెరిచిన తల్లి, కింద నేల మీద ముక్కలై పడిన సిపాయి, నట్టనడుమ గుర్రం, దాని నెత్తిన బల్బు, కుడివైపు కిటికీలోంచి చెయ్యి చాచి దీపం పట్టుకున్న ఆడమనిషి, మోకాలు ఈడ్చుకుంటూ పరిగెత్తేది ఇంకొకామె, కుడిచేతి చెట్టు దగ్గర మంటల్లో చేతులెత్తి పడిపోతున్నది మరొకామె. ఎవరు ఏది గీయాలో పంచుకున్నారు. వాళ్ళు గీస్తుంటే నేను కథ చెప్పాను.

1937 ఏప్రిల్ 26, సోమవారం. స్పెయిన్ ఉత్తరాన బాస్క్ జాతివాళ్ళ ఊరు గెర్నికా. మన టెక్కలి కన్నా చాలా చిన్నది. సోమవారం అక్కడ సంత. అప్పటికి దేశంలో అంతర్యుద్ధం నడుస్తోంది. జనం ఎన్నుకున్న ప్రభుత్వం మీద జనరల్ ఫ్రాంకో తిరగబడ్డాడు. అతనికి తోడుగా హిట్లర్ కాండోర్ దళాన్ని పంపాడు, ముస్సోలినీ తన విమానాలు పంపాడు. సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో మొదలై మూడు గంటలపాటు బాంబులు కురిశాయి. ముందు గోడలు కూల్చేవి, ఆ వెనక పొలాల్లోకి పారిపోయే మనుషుల మీద మరతుపాకులు, చివరికి ఊరు తగలబెట్టేవి. నాలుగిళ్ళలో మూడిళ్ళు పోయాయి. ఆయుధాల ఫ్యాక్టరీకి, ఊరి చివరి వంతెనకి మాత్రం ఏమీ కాలేదు. చనిపోయినవాళ్ళు 1,654 మంది అని అప్పటి బాస్క్ ప్రభుత్వం లెక్క చెప్పింది. కొన్ని వందలని తరవాతి చరిత్రకారులు అంటారు. వందలైనా వేలైనా, వాళ్ళు సంతకొచ్చిన జనం.

పికాసో అప్పుడు పారిస్‌లో ఉన్నాడు. ఆ ఏడు అక్కడ జరిగే అంతర్జాతీయ ప్రదర్శనలో స్పెయిన్ మండపానికి పెద్ద బొమ్మ కావాలని స్పెయిన్ ప్రభుత్వం జనవరిలోనే అడిగింది. ఏం వెయ్యాలో తోచక నాన్చుతూ ఉన్నాడు. గెర్నికా వార్త పత్రికల్లో వచ్చింది. మే 1న మొదటి గీత గీశాడు, జూన్ మొదట్లో ముగించాడు. నెల పైన నాలుగైదు రోజులు, అంతే.

ఇంతలో నడిమివాడు బొగ్గుపొడి చేత్తో పట్టుకుని అడిగాడు: "తాతా, విమానం ఎక్కడ గియ్యాలి?"

"ఫోనులో వెతుకు."

పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి చూశాడు. "లేదు."

"బాంబు?"

"అదీ లేదు."

"చంపినోడు?"

చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపాడు.

ఆ బొమ్మలో నన్ను ఇన్నేళ్ళుగా పట్టుకున్న సంగతి ఇదే. అందరూ ఉన్న గుర్తుల్ని లెక్కపెడతారు, లేనివాటిని లెక్కపెట్టరు. విమానదాడి బొమ్మలో విమానం లేదు. ఉన్నవన్నీ ఇంటివి. దీపం, కిటికీ, తలుపు, బల్ల, పశువు, పిట్ట, తల్లీబిడ్డ.

ఇది నాకు మా నాన్న వల్ల అర్థమైంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ రేవు మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పోయినవాళ్ళు కొద్దిమందే గానీ, విశాఖలో జనం దొరికిన దారి పట్టుకుని ఊళ్ళు పట్టిపోయారు. ఆనాడు పడిన బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ చూడొచ్చు. మా నాన్న అప్పుడు రేవులో కూలి. కొంత నడిచి, కొంత రైల్లో వేలాడి పలాస చేరాడు. ఆ కథ మాకు వందసార్లు చెప్పి ఉంటాడు. ఒక్కసారి కూడా విమానం ఎలా ఉందో చెప్పలేదు. చెప్పిందల్లా పొయ్యి మీద ఎసరు వదిలేసి పరిగెత్తిన పక్కింటావిడ గురించి, పలుపు విప్పేవాళ్ళు లేక రాట చుట్టూ తిరిగిన ఆవు గురించి. భయపడ్డ మనిషి జ్ఞాపకంలో మిగిలేవి అవే. పికాసో ఆ ఊళ్ళో లేడు, ఆ మంట చూడలేదు. అయినా ఏవి గియ్యాలో, ఏవి వదిలెయ్యాలో సరిగ్గా పట్టుకున్నాడు.

"మరి ఎద్దు దేనికి గుర్తని రాయను?" మనవరాలికి దాని నోటుపుస్తకం బెంగ దానిది.

"ఎద్దంటే నీకు ముందేం గుర్తొస్తుంది?"

"గంగిరెద్దు. గుళ్ళో నంది."

"చిన్నప్పటి పికాసోకి గుర్తొచ్చేది వేరు" అన్నాను. పికాసో పుట్టిన మలగా ఊళ్ళో ఎద్దుల పోటీ అంటే మైదానంలో రక్తం. పొడిచే ఎద్దు, పొట్ట చీలి పడిపోయే గుర్రం. నాన్న చెయ్యి పట్టుకుని అవి చూస్తూ పెరిగాడు. అదే జంట ఈ బొమ్మలోకొచ్చింది. 1945లో ఒక అమెరికన్ సిపాయి వెళ్ళి అడిగితే, ఎద్దు క్రూరత్వానికీ చీకటికీ గుర్తు, గుర్రం జనానికి గుర్తు అన్నాడు. ఇంకొకరు ఇంకోసారి అడిగితే, ఎద్దు ఎద్దే, గుర్రం గుర్రమే, మిగతాది చూసేవాళ్ళు చూసుకోవాలి అన్న ధోరణిలో తప్పించుకున్నాడు. కొంతమంది పండితులు ఆ ఎద్దు తల్లిని కాపాడుతోందంటారు, కొంతమంది బెదిరిస్తోందంటారు. నా మట్టుకు నాకు అది కాపాడేదిగా కనిపించదు. దాని మెడ కిందే ఒక తల్లి గుండె పగిలి అరుస్తుంటే అది మొహం ఇంకోవైపు పెట్టుకుని ఉంది.

గుర్తుకి అర్థం వస్తువులో ఉండదు, దాన్ని ఎవరింట్లో ఎందుకు పెట్టారో అందులో ఉంటుంది. ఇది నేర్చుకోవడానికి పారిస్ పోనక్కర్లేదు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో మందస కొండల మీద సవర ఊళ్ళకి వెళ్ళేవాణ్ణి. ఎర్రమట్టి అలికిన లోపలి గోడ మీద బియ్యప్పిండి నీళ్ళతో గీసిన బొమ్మలుంటాయి. ఇడితాల్ అంటారు. పుల్ల కొస నలిపి కుంచెలా చేసుకుంటారు. ముందు చుట్టూ ఒక చట్రం. అది దేవతకో, చనిపోయిన పెద్దలకో కట్టిచ్చే ఇల్లు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, ఏ పెద్దకి ఏ లోటు వచ్చిందో వాళ్ళ పూజారి ఎజ్జోడు చెబుతాడు, దాన్ని బట్టి లోపలి బొమ్మలు. త్రికోణాలు కలిపితే మనిషి. సూర్యుడు, చంద్రుడు, నెమలి, ఏనుగు, గుర్రం. 1940ల్లో మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ సవర కొండలు తిరిగి వీటి గురించి పుస్తకాల్లో రాశాడు. కాలం మారేకొద్దీ ఆ గోడల మీదికి సైకిలొచ్చింది, విమానమూ వచ్చింది.

ఇక్కడ కాస్త ఆగి చూడండి. సవర గోడ మీద గుర్రం పెద్దలు ఎక్కి తిరగడానికి ఇచ్చిన మర్యాద. విమానం కూడా అంతే, వాళ్ళకి సమర్పించిన వాహనం. గెర్నికాలో అదే గుర్రం కడుపులో ఈటె దిగి, నాలుక కత్తిమొనలా పొడుచుకొచ్చి అరుస్తోంది. విమానానికైతే గోడ మీద చోటే ఇవ్వలేదు. వస్తువు ఒకటే, ఇల్లు వేరు. ఎద్దు ఈజ్ ఈక్వల్ టు ఫలానా అని లెక్కల పట్టికలా రాస్తే సగం పోతుందని మనవరాలికి చెప్పాను. అది నోటుపుస్తకంలో రాసుకున్న మొదటి వరస కొట్టేసింది.

కుడివైపు మంటలు చిన్నోడి వంతు. పళ్ళ వరసల్లా కోసుగా గీస్తున్నాడు. పికాసో మంటా అలాగే ఉంటుంది. "ఇంతమంది ఉండి నీళ్ళు పోసి ఆర్పలేకపోయారా?" అన్నాడు.

అక్కడ సైన్సుంది. ఆ కాల్చే బాంబులు కిలో బరువుండేవి. డొక్క మొత్తం మెగ్నీషియం మిశ్రమలోహం. బళ్ళో పాఠం చెబుతూ నేను చిన్న మెగ్నీషియం తీగ వెలిగించి చూపిస్తే పిల్లలు కళ్ళు మూసుకునేవారు. అంత వెలుగు, దాదాపు 3,000 డిగ్రీల వేడి. మండే మెగ్నీషియం మీద నీళ్ళు పోస్తే, అది నీటిలోని ఆక్సిజన్‌ని లాక్కుని హైడ్రోజన్‌ని వదులుతుంది. హైడ్రోజన్ భగ్గున అంటుకుంటుంది. ఆర్పాలని పరిగెత్తుకొచ్చిన మనిషి చేతిలోని బిందే మంటకి మేత. పొడి ఇసక పోసి కప్పాలి.

మరి ఆ లోహం ఎక్కడిది? టెక్కలి దాటి నౌపడా వెళ్తే ఉప్పు మళ్ళు కనిపిస్తాయి కదా. సముద్రపు నీరు లీటరుకి 35 గ్రాముల ఉప్పులుంటే అందులో మెగ్నీషియం గ్రామున్నరకి కొంచెం తక్కువ. ఎండకి మామూలు ఉప్పు ముందు గడ్డకడుతుంది, మెగ్నీషియం ఉప్పు మిగిలిన చేదునీళ్ళలో ఉండిపోతుంది. జర్మనీలో భూమి కింద గనుల్లో దొరికేదీ ఇదే. కోట్ల ఏళ్ళ కిందట ఎండిపోయిన సముద్రం వదిలిన చేదు ఉప్పు. దాన్ని కరిగించి, కరెంటు పంపి లోహం తీశారు. తేలికైన లోహం కాబట్టి యంత్రాలకి బాగుంటుందని మొదలుపెట్టిన పరిశ్రమ అది. మన ఒంట్లో ప్రతి కణానికీ కావలసిన ఖనిజం, ఆకు పచ్చగా ఉండడానికి పత్రహరితం నడుమ కూర్చునే ఖనిజం, ఒక సోమవారం సాయంత్రం సంత మీద పడింది. ఇది చెప్పేటప్పుడు నా గొంతు మారిందని మనవరాలు అంది. మారే ఉంటుంది. నలభై ఏళ్ళు ఆ తీగ వెలిగించి చూపించిన చెయ్యి ఇది.

నడిమివాడు బల్బు గీశాడు. కోడిగుడ్డు ఆకారంలో కన్ను, కనుపాప చోట బల్బు, చుట్టూ ముళ్ళలాంటి కిరణాలు. స్పానిష్‌లో బాంబుని బోంబా అంటారు, బల్బుని బోంబియా. ఆ మాటల చుట్టరికం అక్కడివాళ్ళ చెవికి వెంటనే తడుతుంది. దీని వెనక ఇంకో కథుంది. బొమ్మ సాగుతుండగా డోరా మార్ అనే ఆమె దశ దశకీ ఫోటోలు తీసింది. మొదటి ఫోటోలో పడిపోయిన సిపాయి పిడికిలి బిగించి చెయ్యి పైకెత్తి ఉన్నాడు. తరవాతి దాంట్లో ఆ పిడికిట్లో ధాన్యపు వెన్నులు, వెనక పెద్ద సూర్యుడు. ఆ పైన పికాసో చెయ్యి చెరిపేశాడు. సూర్యుణ్ణి నొక్కి కోలగా చేశాడు. ఆఖర్న అందులో బల్బు పెట్టాడు. అంటే పొద్దు పోయి బల్బు మిగిలింది. పక్కనే ఆడమనిషి చేతిలో పాతకాలం దీపం దానికి ఎదురెళ్తోంది. గెలిచే పిడికిలి తీసేసి, వెతికే దీపం ఉంచాడు. నన్నడిగితే ఆ నెలరోజుల్లో అతను తీసుకున్న పెద్ద నిర్ణయం అదే. పిడికిలి ఉండి ఉంటే అది ఒక పక్షం వాళ్ళ గోడప్రకటన అయ్యేది.

ఆ బొమ్మ బలం ఎంతో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి గది బయట గెర్నికాని నేసిన పెద్ద తెర వేలాడుతుంది. 2003 ఫిబ్రవరిలో ఇరాక్ యుద్ధం మాటలు నడుస్తున్నప్పుడు, నాయకులు దాని ముందు నిలబడి కెమెరాలతో మాట్లాడాల్సి వచ్చింది. దాని మీద నీలం గుడ్డ కప్పేశారు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక మళ్ళీ కూర్చున్నాం. ఎద్దుకీ గుర్రానికీ మధ్య నల్లటి చోట ఏదో ఉందని మనవరాలు పట్టుకుంది. పిట్ట. రెక్క విరిగి, మెడ పైకి చాపి, నోరు తెరిచి ఉంది. నలుపులో దాదాపు కలిసిపోయింది. తేలినీలాపురం కొంగల్ని చూసి పెరిగిన పిల్ల కాబట్టి దానికా మెడ దొరికింది. ఇంకో చిన్నది కూడా వెతకమన్నాను. చిన్నోడికి దొరికింది. సిపాయి చేతిలో విరిగిన కత్తి పక్కన ఒక పువ్వు. సన్నటి గీతలతో, ఊదితే పోయేంత. దాన్ని ముగ్గుతో గీయడానికి మా నలుగురిలో ఎవరి వేళ్ళకీ చేతకాలేదు. మా ఆవిడ వచ్చి బొటనవేలూ చూపుడువేలూ మధ్య పిండి జార్చి నాలుగు రేకులు తీర్చింది.

"తిత్లీ తుఫానులో మన తోట కూడా ఇలాగే అయింది కదా తాతా?" అన్నాడు నడిమివాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజాము వాడికింకా గుర్తుంది. కొబ్బరిచెట్లు తలలు తెగి, జీడిచెట్లు వేళ్ళతో లేచి పడ్డాయి. మేం తాడు కట్టిన రెండో చెట్టు ఆ తరవాత నాటిందే. నిజమే, నష్టం చూస్తే ఒకలాగే ఉంటుంది. కానీ గాలికి గురి ఉండదు నాన్నా. సంతరోజు చూసుకుని రాదు. వాతావరణశాఖ మూడు రోజుల ముందు నుంచీ చెబుతూ ఉంటుంది, మనం పశువుల్ని విప్పుకుంటాం. ఆ ఊరి మీదికి వచ్చింది మనుషులు లెక్కగట్టి, పటం పరిచి, గంట చూసుకుని పంపినది. తుఫానుకి ఏడుస్తాం. దానికి ఏడవడంతో సరిపోదు.

పొద్దు కొండల వెనక్కి జారింది. చిన్నోడు మాట మర్చిపోలేదు, వచ్చి పంచె పట్టుకు లాగాడు. జీడిచెట్టు కింద కూర్చున్నాం. కొమ్మకి ఎర్రగా నిగనిగలాడుతున్న పండు చూపించి, ఆకుని, పండుని మార్చి మార్చి చూస్తూ ఉండమన్నాను. పది నిమిషాలకి "నల్లబడిపోతోంది" అన్నాడు. ఆకు ఇంకా కాస్త తేటగానే ఉంది, పండు మాత్రం మసిబొగ్గయింది.

మన కంట్లో రెండు రకాల కణాలు. రంగులు చూసేవి ఒక్కో కంట్లో 60 లక్షల దాకా. వాటికి వెలుగు బాగా కావాలి. మసక వెలుగులో పనిచేసేవి 12 కోట్ల దాకా. వాటికి రంగులు తెలియవు, ఎరుపు బొత్తిగా ఆనదు. చీకటి పడుతుంటే మొదటివి సెలవు తీసుకుంటాయి, రెండోవి పనిలోకొస్తాయి. అందుకే పొద్దుగూకితే అన్నిటికన్నా ముందు పోయేది ఎర్రరంగు. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే రెండు వందల ఏళ్ళ కిందటే పూలని చూసి దీన్ని పట్టుకున్నాడు. గెర్నికా మీద దాడి ఆగింది ఇలాంటి వేళకే, సాయంత్రం ఏడున్నరకి. ఆ వార్త పికాసోకి చేరింది నలుపు తెలుపు పత్రికల్లో. గుర్రం ఒంటి నిండా అచ్చక్షరాల వరసల్లా చిన్నచిన్న గీతలుంటాయి చూడండి. మధ్యలో రంగుకాగితాలు కత్తిరించి బొమ్మ మీద అంటించి చూశాడు కూడా. పనికిరావని తీసేశాడు.

"అయితే రక్తం ఉందన్నమాట, కనిపించదంతే" అన్నాడు చిన్నోడు.

నేనేమీ అనలేదు. వాడు చెట్టు నుంచి పండు తెంపుకుని ఇసక దగ్గరికి పరిగెత్తి, ఎడమచేతి చెట్టు మొదట్లో తల్లి బొమ్మ పక్కన దాన్ని పెట్టాడు. వెనక్కి నాలుగడుగులు వేసి చూశాడు. చీకట్లో పండు ఆనవాలు లేదు. ముగ్గుతో గీసిన బిడ్డ తల్లి ఒళ్ళో తెల్లగా కనిపిస్తూనే ఉన్నాడు.